స్లాబు కింద ఇస్త్రీ పెట్టె: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లలో వేడి లెక్క ఏం చెబుతోంది?

రాత్రి పదకొండు గంటలు. బయట గాలి కాస్త చల్లబడింది. ఇంట్లో ఫ్యాను ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది. అయినా మీదికి వచ్చేది వేడిగాలే. మంచం మీద పడుకుని పైకి చెయ్యి చాపితే స్లాబు సెగ తెలుస్తోంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎండాకాలం గడిపిన ఎవరికీ ఈ సీన్ కొత్త కాదు. ఉత్తర తెలంగాణలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఇప్పుడు మామూలైపోయాయి. టీవీల్లో స్క్రోలింగ్ వస్తుంది, "మధ్యాహ్నం బయటకు రావొద్దు, ఇంట్లోనే ఉండండి" అని.

మరి ఇల్లే వేడెక్కితే ఎక్కడికి పోవాలి?

బీడీలు చుట్టే మహిళ ఇంట్లోనే ఉంటుంది. సాంచా నడిపే కార్మికుడు షెడ్డులోనే ఉంటాడు. వాళ్లకు ఎండ తగలదు, కానీ ఎండ వేడి మాత్రం నెత్తి మీద నుంచి దిగుతూనే ఉంటుంది. అది ఎంత దిగుతుంది? ఎలా ఆపాలి? దీనికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. పదో తరగతి లెక్కలు వస్తే చాలు. ఆ లెక్క వేసి చూస్తే కొన్ని నమ్మకాలు తలకిందులవుతాయి.

ముందు ఒక్క సూత్రం

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోతుంది. మధ్యలో ఉన్న ప్రతి పొరా దాన్ని కొంత అడ్డుకుంటుంది. ఆ అడ్డుకునే శక్తినే ఉష్ణ నిరోధం అంటారు. ఇంజినీర్లు 'ఆర్ విలువ' అని పిలుస్తారు.

దీని లెక్క చాలా సింపుల్. పొర మందాన్ని మీటర్లలో తీసుకోండి. ఆ పదార్థం వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే సంఖ్యతో, అంటే ఉష్ణ వాహకతతో, దాన్ని భాగించండి. అంతే. ఎన్ని పొరలుంటే అన్నిటి ఆర్ విలువలూ కూడాలి. మొత్తం వచ్చాక 1ని దానితో భాగిస్తే వచ్చేది 'యూ విలువ'. ఇంటి లోపలికీ పైకీ ఒక డిగ్రీ తేడా ఉంటే ఒక చదరపు మీటరు పైకప్పు నుంచి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో యూ చెబుతుంది. యూ ఎంత తక్కువైతే ఇల్లు అంత చల్లన.

5 అంగుళాల స్లాబు ఎంత ఆపుతుంది?

మామూలు ఇంటి స్లాబు 5 అంగుళాలు, అంటే 125 మిల్లీమీటర్లు. కాంక్రీటు ఉష్ణ వాహకత సుమారు 1.58. భాగిస్తే స్లాబు ఆర్ విలువ 0.08. కింద సిమెంటు ప్లాస్టరింగుకు 0.02. స్లాబు పైన అంటుకుని ఉండే పల్చని గాలి పొరకు 0.04. సీలింగు కింద అంటుకుని ఉండే గాలి పొరకు 0.17.

మొత్తం 0.31. యూ విలువ 3.3 దగ్గర.

ఇక్కడ ఒక విషయం గమనించండి. లక్షలు పోసి వేసిన స్లాబు కన్నా, సీలింగు కింద ఊరికే ఉన్న గాలి పొరే రెండింతలు ఎక్కువ వేడి ఆపుతోంది! ఫ్యాను వేయగానే ఆ గాలి పొర చెదిరిపోతుంది. సీలింగు వేడి గదిలోకి ఇంకా తొందరగా కలుస్తుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోందన్న మాట ఉత్త ఫిర్యాదు కాదు, దాని వెనక ఉన్న కారణం ఇదే.

కేంద్ర ఇంధన పొదుపు సంస్థ 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' ఇండ్ల పైకప్పుకు యూ విలువ 1.2 దాటకూడదని చెప్పింది. మన స్లాబు 3.3. అంటే ఉండాల్సిన దానికి రెండున్నర రెట్లకు పైనే. ఆ కోడ్ కూడా 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే నివాసాలను దృష్టిలో పెట్టుకుని రాసిందే. వంద, నూటయాభై గజాల ఇల్లు దాని లెక్కలోకే రాదు.

ఒక గది, ఒక మధ్యాహ్నం

ఇప్పుడు అసలు లెక్క. 10 బై 12 అడుగుల గది తీసుకుందాం. పైకప్పు 11 చదరపు మీటర్ల పైచిలుకు. బయట గాలి 44 డిగ్రీలు. కానీ స్లాబుకు తగిలేది గాలి ఒక్కటే కాదు, నడినెత్తి ఎండ కూడా. ముదురు బూడిద రంగు స్లాబు తన మీద పడ్డ ఎండలో దాదాపు 70 శాతం మింగేస్తుంది. ఆకాశం వైపు తిరిగి వదిలే కొంత వేడిని తీసేసినా, ఆ స్లాబు పైన పనిచేసే ఉష్ణోగ్రత 65 డిగ్రీల దాకా పోతుంది. గదిలో 34 డిగ్రీలు అనుకుందాం.

తేడా 31 డిగ్రీలు. యూ విలువతో, పైకప్పు వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఇదీ:

• ఏ పూతా లేని స్లాబు: సుమారు 1,130 వాట్లు
• పైన 4 అంగుళాల ఇటుక ముక్కల గచ్చు వేస్తే: సుమారు 800 వాట్లు
• స్లాబుకు మంచి తెల్ల పూత వేస్తే: సుమారు 620 వాట్లు
• స్లాబు పైన 2 అంగుళాల థర్మాకోల్ లాంటి ఇన్సులేషన్ వేస్తే: సుమారు 200 వాట్లు
• ఇన్సులేషన్, దాని పైన తెల్ల పూత రెండూ ఉంటే: సుమారు 110 వాట్లు

1,130 వాట్లంటే ఎంత? ఒక ఇస్త్రీ పెట్టెను ఆన్ చేసి గదిలో వదిలేసినట్టు. ఏసీ భాషలో చెప్పాలంటే ఒక టన్ను ఏసీ శక్తిలో మూడో వంతు ఆ స్లాబు వేడిని తోడటానికే సరిపోతుంది. ఏసీ లేని ఇంట్లో దాన్ని తోడేది ఎవరు? లోపలున్న మనిషి ఒంటి చెమటే.

మందం పెంచితే చల్లబడుతుందా?

"ఇంకో రెండంగుళాలు మందంగా స్లాబు పోయించుకుంటే చల్లగా ఉంటది" అని మేస్త్రీలు చెప్పడం మామూలే. లెక్క మాత్రం ఒప్పుకోదు.

యూ విలువను 3.3 నుంచి 1.2కు దించాలంటే ఎంత పదార్థం కలపాలి? థర్మాకోల్ అయితే ముప్పావు అంగుళం చాలు. ఇటుక ముక్కల గచ్చు అయితే అడుగున్నరకు కాస్త తక్కువ. కాంక్రీటే అయితే అక్షరాలా 33 అంగుళాలు!

ముప్పావు అంగుళం చేసే పనికి రెండున్నర అడుగుల పైన కాంక్రీటు కావాలి. అంత బరువు ఏ ఇల్లూ మోయదు. కాంక్రీటు ఇంటికి బలం ఇస్తుంది, చల్లదనం ఇవ్వదు. రెండు పనులకూ ఒకే పదార్థాన్ని నమ్ముకోవడమే మన ఇండ్లలో జరుగుతున్న పొరపాటు.

రాత్రి వేడి ఎక్కడిది?

పైన వేసింది ఎండ నిలకడగా కాసే సమయానికి సంబంధించిన లెక్క. కాంక్రీటుకు ఇంకో గుణం ఉంది. అది వేడిని దాచుకుంటుంది. ఆ గది మీది స్లాబు పొద్దున్నుంచి మధ్యాహ్నానికి సగటున 15 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. అందులో చేరిన వేడి దాదాపు 12 యూనిట్ల కరెంటుతో సమానం. పొద్దుగూకాక అందులో కొంత ఆకాశం వైపు పోతుంది, కొంత గదిలోకి దిగుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి కాసిన ఎండ రాత్రి భోజనాల వేళకు మన నెత్తి మీదికి వస్తుంది.

దీంతో ఇన్సులేషన్ ఎక్కడ వేయాలన్నది కీలకం అవుతుంది. స్లాబు పైన వేసినా, కింద ఫాల్స్ సీలింగుగా వేసినా ఆర్ విలువల కూడిక ఒక్కటే. కానీ కింద వేస్తే స్లాబు ఎండకు కాగుతూనే ఉంటుంది. పైన వేస్తే స్లాబుకు ఎండే సరిగా తగలదు, దాచుకునే వేడీ తగ్గుతుంది, పగుళ్లూ తగ్గుతాయి. కొత్త ఇల్లయితే పైన వేయడమే మేలు.

కోరుట్ల: చాట ముందు కూర్చున్నవాళ్ల కష్టం

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి గల్ఫ్, రెండు బీడీ. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఎండలో కష్టపడి పంపిన పైసలతో ఇక్కడ పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు లేచాయి. స్లాబు ఇల్లు అంటే పరువు, భద్రత. వానకు కురవదు, కోతులు పెంకులు పీకే బాధ లేదు. తప్పు పట్టాల్సిన పని లేదు.

కానీ పెంకుటింట్లో ఒక సుగుణం ఉండేది. ఎత్తైన కప్పు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటకు పోయే దారి, పొద్దుగూకగానే తొందరగా చల్లబడే పల్చని మట్టి పొర. స్లాబు వచ్చాక ఇవన్నీ పోయాయి. వాటి బదులు ఏ పొరా రాలేదు.

ఆ స్లాబు కిందే బీడీ కార్మికురాలు రోజంతా చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. ఫ్యాను గట్టిగా వేస్తే చాటలో తంబాకు ఎగిరిపోతుంది. అందుకే తగ్గించుకుంటుంది. కూలి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి వేడికి చెయ్యి నెమ్మదిస్తే ఆ మేరకు ఆదాయమూ తగ్గుతుంది. ఆమెకు పైకప్పు అంటే పనిచేసే చోటు కూడా.

సిరిసిల్ల: సాంచాల కన్నా రేకుల వేడే ఎక్కువ

సిరిసిల్లలో సంగతి ఇంకో రకం. మరమగ్గాల షెడ్లు చాలావరకు సిమెంటు రేకులవే. 6 మిల్లీమీటర్ల రేకు ఆర్ విలువ 0.02. ఉన్నా లేనట్టే. పైన, కింద గాలి పొరలు కలిపినా మొత్తం 0.23. యూ విలువ 4.3.

వెయ్యి చదరపు అడుగుల షెడ్డు తీసుకుందాం. లోపల 38 డిగ్రీలు. పాతబడి నల్లబడ్డ రేకు మీద అదే ఎండ. లెక్క వేస్తే రేకుల నుంచి దిగే వేడి దాదాపు 11 కిలోవాట్లు.

ఇప్పుడు పోల్చి చూడండి. ఆ షెడ్డులో ఎనిమిది సాంచాలు, ఒక్కోదానికి ఒక హార్స్‌పవర్ మోటారు ఉన్నాయనుకుందాం. అవి తినే కరెంటు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ మొత్తం 6 కిలోవాట్లు. అంటే షెడ్డును కాల్చేది మిషన్లు కాదు, నెత్తి మీది రేకులు!

రేకు అడుగు భాగం 58 డిగ్రీల దాకా పోతుంది. అది కార్మికుడి తల మీద బోర్లించిన పెనం లాంటిది. గాలి ఎంత ఉన్నా ఆ సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. గాలికి దారం తెగుతుందని, దుమ్ము పడుతుందని కిటికీలు మూస్తే పరిస్థితి మరీ ఘోరం.

అదే రేకులకు తెల్ల పూత వేస్తే దిగే వేడి 11 నుంచి 5 కిలోవాట్లకు పడిపోతుంది. రేకు అడుగు భాగం 58 నుంచి 48 డిగ్రీలకు దిగుతుంది. రేకుల కింద కాస్త ఎడంగా ఒక పల్చని సీలింగు బిగించి మధ్యలో గాలి ఖాళీ వదిలితే వేడి ఇంకో సగం తగ్గుతుంది. ఆ సీలింగుకు పైకి చూసే అల్యూమినియం రేకు కన్నా, పైకప్పు అడుగున కిందికి చూసేలా బిగించినది నయం. మగ్గాల నూగు, దుమ్ము దాని మీద పేరుకోదు కాబట్టి మెరుపు ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది నిప్పు. థర్మాకోల్ మండుతుంది, పాలిస్టర్ నూలు కూడా మండుతుంది. షెడ్డు లోపల థర్మాకోల్ షీట్లను బయటికి కనిపించేలా వేలాడదీయడం ప్రమాదం. రెండోది ఆస్‌బెస్టాస్. పాత సిమెంటు రేకుల్లో అది ఉండే అవకాశం ఎక్కువ. పూత వేసే ముందు వాటిని పొడిగా గీకొద్దు, రంధ్రాలు కొట్టొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి, మెత్తగా కడిగి, ఆరాక పూత వేయాలి.

పాలసీ ఉంది, కానీ ఎవరికి?

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ విడుదల చేసింది. అప్పటి మున్సిపల్ మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ చేతుల మీదుగానే అది వచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కూల్ రూఫ్ లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కు, మిగతా రాష్ట్రమంతటికీ కలిపి 100.

ప్రభుత్వ భవనాలు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. ఇండ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి. అంతకన్నా చిన్నవాటికి ఇష్టమైతే వేసుకోవచ్చు.

మంచి పాలసీనే. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గల్లీల్లో 600 గజాల ఇల్లు ఎందరికి ఉంటుంది? 600 గజాల్లో ఇల్లు కట్టేవాళ్లు ఏసీ కూడా పెట్టుకోగలరు. ఏసీ పెట్టుకోలేని వాళ్ల ఇల్లే 'ఐచ్ఛికం' కింద పడింది. పైగా నిబంధన పనిచేసేది కొత్త కట్టడాలకు అనుమతులిచ్చే దగ్గర. ఎప్పుడో వేసిన సాంచాల షెడ్డు, ఎప్పుడో పోసిన స్లాబు ఆ గడప తొక్కవు.

పేదల ఇండ్లకు ఇది పనికిరాదా అంటే, పనికొస్తుంది. హైదరాబాద్‌లో 2017లో 25 పేద ఇండ్ల మీద తెల్లని షీటు పరిచి ట్రిపుల్ ఐటీ సహా సంస్థలు పరీక్షించాయి. ఇంటి లోపల ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండే కదా అనిపించొచ్చు. నిద్ర పట్టని రాత్రికీ పట్టే రాత్రికీ తేడా ఒక్కోసారి ఆ రెండు డిగ్రీలే.

ఇప్పుడు ఇంకో అవకాశం కళ్ల ముందుంది. 5 లక్షల సాయంతో ఇందిరమ్మ ఇండ్లు కడుతున్నారు. కనీసం 400 చదరపు అడుగులు, స్లాబు పైకప్పు. 400 అడుగుల ఉత్త స్లాబు నుంచి పైన చెప్పిన మధ్యాహ్నం దిగే వేడి 3,700 వాట్ల పైనే. ఒక టన్ను ఏసీ కూడా దానికి చాలదు. బిల్లు దశలవారీగా వస్తుంది, ప్రతి దశలో ఇంజినీరు వచ్చి చూస్తాడు. స్లాబు దశ దాటాక ఇంకో ముప్పావు అంగుళం పొర, దాని మీద తెల్ల పూత. ఈ రెండూ అంచనాలో చేర్చితే ఆ ఇల్లు ఇంకో ముప్పై ఏండ్లు మనుషులు ఉండగలిగేలా ఉంటుంది. ఇల్లు కట్టేశాక దాన్ని చల్లబరచడం కన్నా కట్టేటప్పుడే పొర వేయడం చవక.

మీరు ఇప్పుడే చేయగలిగినవి

• పై అంతస్తు మీదైతే మొదటి ఖర్చు తెల్ల పూత. సున్నం చవక, కానీ ఒకటి రెండు వానలకు పోతుంది. కూల్ రూఫ్ పెయింట్ ఎక్కువ రోజులు ఆగుతుంది. ఏదైనా సరే, దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది. ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి.

• ఇన్సులేషన్ కొనేటప్పుడు "చల్లగా ఉంటుంది సార్" అన్న మాట నమ్మొద్దు. రెండే ప్రశ్నలు అడగండి. ఉష్ణ వాహకత ఎంత? మందం ఎంత? ఆర్ విలువ మీరే లెక్కేసుకోవచ్చు. టీవీ పెట్టెలో వచ్చే మెత్తటి థర్మాకోల్ స్లాబు మీద నిలవదు, గట్టి రకం కావాలి. నీళ్లు దిగితే ఇన్సులేషన్ దండగ, కాబట్టి దాని పైన వాటర్‌ప్రూఫింగు, సిమెంటు పూత ఉండాల్సిందే.

• ఎండు వరిగడ్డి నాలుగంగుళాలు పరిస్తే లెక్క ప్రకారం 2 అంగుళాల థర్మాకోల్‌తో దాదాపు సమానం. మన పెద్దోళ్లు ఊరికే వేయలేదు. కాకపోతే నిప్పు, ఎలుకలు, కోతులతో జాగ్రత్త. వంట పొగ, కరెంటు తీగలు దగ్గరుంటే అసలు వద్దు.

• నీళ్లకు ఇబ్బంది లేకపోతే సాయంత్రం స్లాబు మీద తడి గోనె సంచులు పరచండి. 10 లీటర్ల నీరు ఆవిరైతే 6 యూనిట్లకు పైగా వేడిని వెంట తీసుకుపోతుంది. నీటి కొరత ఉన్న చోట దీన్ని రోజూ చేయలేం, అదీ నిజమే.

• పొరలు వేశాక రాత్రి కిటికీలు తెరవండి. ఇన్సులేషన్ వేడిని లోపలికి రానివ్వదు, లోపలున్న వేడిని బయటికీ తొందరగా పోనివ్వదు. మనుషులు, పొయ్యి, ఫ్రిజ్ పుట్టించే వేడి బయటికి పోవడానికి గాలి దారి ఉండాలి.

చివరగా

వడదెబ్బ అంటే రోడ్డు మీద పడిపోయిన మనిషే మనకు గుర్తొస్తాడు. ఇంట్లో, షెడ్డులో, రాత్రిపూట నిద్ర లేక, చెమట ఆరక క్షీణించే ఒళ్లు లెక్కల్లోకి రాదు. పైకప్పు వేడిని ఎవరూ కొలవరు కాబట్టి దాని మీద ఎవరూ జవాబు చెప్పరు.

కొలవడం కష్టం కాదని పైన చూశాం. ఒక మందం, ఒక వాహకత, ఒక కూడిక. పాలసీ గడువు 2028. ఆలోపు 600 గజాల గీతను కిందికి దించుతారా, సాంచాల షెడ్లకు పూత వేయించే బాధ్యత ఎవరైనా తీసుకుంటారా, ఇందిరమ్మ ఇంటి అంచనాలో ఆ ముప్పావు అంగుళం చేరుతుందా? ఈసారి మీ వార్డుకు వచ్చే నాయకుడిని అడగాల్సిన ప్రశ్నలు ఇవే. మధ్యాహ్నం మూడు గంటలకు, మీ ఇంట్లోనే, ఫ్యాను కింద కూర్చోబెట్టి అడగండి.